మూడో సిలిండర్ దగ్గర టకటక: ఇంజన్ దించే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది నాలుగు సిలిండర్ల పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి. 2.5 లీటర్ల టర్బో ఇంజన్, మెకానికల్ పంపు. 2,80,000 కిలోమీటర్లు తిరిగింది. మూడు వారాలుగా ఐడ్లింగ్‌లో గట్టిగా టక్ టక్‌మని కొడుతోంది. పొద్దున్నే ఎక్కువగా ఉంటుంది, వేడెక్కాక తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఎత్తు ఎక్కేటప్పుడు మళ్లీ పైకి వస్తుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో కొంచెం తెల్లపొగ కూడా ఉంది. ఆయిల్ ల్యాంప్ ఎప్పుడూ వెలగలేదు. టాపెట్లు (వాల్వుల దగ్గర సందు) సెట్ చేయించాను, మార్పు లేదు. ఒక మెకానిక్ బేరింగ్ పోయింది, ఇంజన్ దించాలంటున్నారు. ఇంకొకరు సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లంటున్నారు. శబ్దం మూడో సిలిండర్ వైపు నుంచి వస్తున్నట్టు అనిపిస్తోంది. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: ఇద్దరి మాటా ఇప్పుడే నమ్మకండి. అయితే మీ ఉత్తరంలోనే ఒక గట్టి ఆధారం ఉంది: వేడెక్కాక తగ్గుతుందన్నారు. పిస్టన్‌ను క్రాంకుతో కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగితే ఇది తలకిందులుగా ఉండాలి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి అరిగిన సందును కొంత నింపుతుంది కాబట్టి పొద్దున్న శబ్దం తక్కువ వినపడుతుంది. ఆయిల్ కాగి పల్చబడ్డాక దెబ్బ బయటపడుతుంది. మీ బండిలో జరుగుతున్నది అందుకు వ్యతిరేకం. కాబట్టి మొదటి అనుమానం నాజిల్ మీదే. బేరింగ్‌ను మాత్రం అప్పుడే జాబితాలోంచి తీసెయ్యలేం, ఎందుకంటే బరువు మీద శబ్దం పెరగడం రెండింటికీ ఉన్న లక్షణమే.

చలికీ నాజిల్‌కీ సంబంధం ఏమిటంటే, డీజిల్ సిలిండర్‌లో పడీ పడగానే అంటుకోదు. చిమ్మడానికీ అంటుకోవడానికీ మధ్య చిన్న వ్యవధి ఉంటుంది. ఆలోపు పడిన డీజిలంతా పోగుపడి ఒక్కసారిగా భగ్గుమంటుంది. డీజిల్ ఇంజన్ సహజంగా చేసే టకటక అదే. వ్యవధి పెరిగేకొద్దీ పోగుపడే డీజిల్ పెరుగుతుంది, దెబ్బ గట్టిపడుతుంది. సిలిండర్ చల్లగా ఉన్నా, పంపు టైమింగ్ ముందుకు జరిగినా, డీజిల్ సీటేన్ (ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె) తక్కువైనా వ్యవధి పెరుగుతుంది. నాజిల్ పొగమంచులా చిమ్మకుండా చుక్కలు చుక్కలుగా కార్చినా అంతే. వీటిలో టైమింగ్, డీజిల్ నాణ్యత అన్ని సిలిండర్లనూ ఒకేలా కొట్టిస్తాయి. ఒక్క సిలిండరే కొడుతోందంటే ఆ సిలిండర్‌కు మాత్రమే చెందిన భాగాన్ని వెతకాలి.

ముందు మూడో సిలిండరేనా అన్నది తేల్చుకోండి. చెవి చాలా మోసం చేస్తుంది. ఇనుము శబ్దాన్ని మోసుకుపోతుంది కాబట్టి ఒక మూల పుట్టింది ఇంకో మూల గట్టిగా వినపడుతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి వినండి. ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా నిలబడండి, వేలాడే బట్టలేవీ ఉండకూడదు. ఒక్కో నాజిల్ బాడీ మీద, తర్వాత అదే సిలిండర్ పక్కన బ్లాకు మీద, ఆఖరున కింద ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) అంచు మీద పెట్టి పోల్చండి. నాజిల్ దగ్గర పదునుగా, ఛాంబర్ దగ్గర మొద్దుగా వినపడితే పైనుంచి వచ్చేదే. ఛాంబర్ దగ్గరే గట్టిగా ఉంటే విషయం వేరు.

లెక్క కూడా కొంత చెబుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంకులో సగం వేగంతో తిరుగుతుంది. ఐడ్లింగ్ నిమిషానికి 800 చుట్లు ఉందనుకుంటే క్రాంకు సెకనుకు 13 చుట్లు, క్యామ్ 6 నుంచి 7 చుట్లు తిరుగుతాయి. అంత వేగంలో చెవితో లెక్కపెట్టలేం. ఫోనులో 10 సెకన్లు రికార్డు చేసి నాలుగోవంతు వేగంతో వినండి. 40 సెకన్లలో 67 దెబ్బల దగ్గర వస్తే అది క్యామ్ వేగం, అంటే ఒక సిలిండర్ నాజిల్ కావచ్చు, టాపెట్ కావచ్చు. 133 దగ్గర వస్తే క్రాంకుతో తిరిగేదేదో కొడుతోంది: ముందు పుల్లీ, ఫ్లైవీల్, రాడ్. ఈ రెండింటికీ పొంతన కుదరకపోతే ఆల్టర్నేటర్, వాటర్ పంపు లాంటి బెల్టు మీద తిరిగేవాటి వైపు చూడండి. ఒక్క హెచ్చరిక: అరిగిన రాడ్ బేరింగ్ ఒక్కోసారి డీజిల్ మండిన దెబ్బకే గట్టిగా పలుకుతుంది, అప్పుడు అదీ సగం వేగంలోనే వినపడుతుంది. లెక్క దారి చూపిస్తుంది, తీర్పు చెప్పదు.

తీర్పుకు దగ్గరగా తీసుకెళ్లేది నాజిల్ పైపు నట్టు వదులు చేసే పరీక్ష. ఇది మీలాంటి మెకానికల్ పంపు ఉన్న ఇంజన్‌కే చెల్లుతుంది. కామన్ రైల్ (నాజిళ్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే) ఇంజన్‌లో పైపు నట్టు ఇంజన్ నడుస్తుండగా ముట్టుకోకూడదు. ఆ రైల్‌లో వందల నుంచి వెయ్యికి పైగా బార్ల ప్రెషర్ ఉంటుంది. మెకానికల్ సిస్టమ్‌లోనూ తక్కువేం కాదు, నాజిల్ తెరుచుకునేదే రకాన్నిబట్టి 100 నుంచి 250 బార్ల మధ్య. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనపడినా లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. కాబట్టి కళ్లద్దాలు, మందపాటి గ్లవ్స్ వేసుకోండి, నట్టు చుట్టూ గుడ్డ కప్పండి. టర్బో మీదా, సైలెన్సర్ మానిఫోల్డ్ మీదా డీజిల్ పడకుండా చూడండి.

ఇంజన్ వేడెక్కాక గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డుకట్టలు వెయ్యండి. నాజిల్ వైపు ఉన్న పైపు నట్టును, చాలా ఇంజన్లలో 17 పానా పడుతుంది, అర చుట్టు వదులు చెయ్యండి. డీజిల్ బయటికి కారిపోతుంది కాబట్టి ఆ సిలిండర్ మండడం ఆగిపోతుంది. రెండు విషయాలు గమనించి రాసుకోండి: ఐడ్లింగ్ పడిందా, శబ్దం మారిందా. మళ్లీ బిగించి తర్వాతి సిలిండర్‌కు వెళ్లండి. వరుసగా నాలుగూ చెయ్యండి. మూడోది ఒక్కటే చూసి ఊరుకుంటే పోల్చడానికి ఏమీ ఉండదు.

మూడోది వదులు చేసినప్పుడు ఐడ్లింగ్ పడి, శబ్దం మాయమైతే ఆ సిలిండర్ మండుతోంది, శబ్దం ఆ మంటతోనే వస్తోంది. అంటే నాజిల్, లేదా ఆ మంట బరువు మోసే పిస్టన్, పిన్ను, రాడ్ బేరింగ్. ఐడ్లింగ్ పడి శబ్దం మాత్రం చెక్కుచెదరకపోతే నాజిల్‌నూ రాడ్‌నూ చాలావరకు పక్కన పెట్టి వాల్వుల వైపు, టైమింగ్ గేర్ల వైపు, వాక్యూమ్ పంపు వైపు చూడాలి. ఐడ్లింగే పడకపోతే ఆ సిలిండర్ ముందునుంచే పని చేయడం లేదు. అప్పుడు నాజిల్‌తో పాటు కంప్రెషన్ కూడా చూడాలి.

మీ విషయంలో శబ్దం మాయమవుతుందనే అనుకుంటున్నాం. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, డీజిల్ ఆపితే శబ్దం ఆగింది కాబట్టి నాజిలే అని తేల్చేస్తారు. బరువు తగ్గితే బేరింగ్ కూడా నోరు మూసుకుంటుంది. అందుకే మూడో నాజిల్‌ను ఒకటో సిలిండర్‌లోకి, ఒకటో నాజిల్‌ను మూడులోకి మార్చి చూడాలి. శబ్దం ఒకటికి వెళ్లిపోతే నాజిల్. మూడులోనే ఉండిపోతే నాజిల్ కాదు.

నాజిల్ మార్చడం చూడటానికి తేలికే. పాడయ్యేది వాషర్ దగ్గర. నాజిల్ కింద రాగి వాషర్, కొన్ని ఇంజన్లలో దాని కింద అలలుగా ఉండే వేడి వాషర్ కూడా ఉంటుంది. నాజిల్ పైకి లాగినప్పుడు పాత వాషర్ గుంటలోనే అతుక్కుని ఉండిపోవచ్చు. అది చూడకుండా దానిమీద కొత్తది వేస్తే నాజిల్ ముక్కు పైకి లేచిపోతుంది, చిమ్మే చోటు మారుతుంది, పక్కనుంచి మంట కారుతుంది. పోయిన శబ్దం స్థానంలో కొత్త శబ్దం వస్తుంది. టార్చి వేసి గుంట అడుగు చూడండి, మసి తుడవండి, ప్రతిసారీ కొత్త వాషరే వెయ్యండి. వేడి వాషర్‌కు పైకీ కిందకీ తేడా ఉంటుంది కాబట్టి తీసేటప్పుడే ఎలా ఉందో చూసుకోండి. విప్పిన పైపుల చివర్లు వెంటనే మూసెయ్యండి, అక్కడ ఇసుక రేణువు చాలు కొత్త నాజిల్ పాడవడానికి. తిరిగి బిగించాక నాజిల్ వైపు నట్లు వదులుగా ఉంచి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ బుడగలు లేకుండా వచ్చాక బిగించండి. సెల్ఫ్ ఒక్కసారికి 10–15 సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో అర నిమిషం ఆగండి. నాజిల్ బిగింపు ఎంతో మీ ఇంజన్ మాన్యువల్‌లో చూసి టార్క్ పానాతోనే బిగించాలి.

ఇదే సమయంలో వాషర్ అంచులు కూడా చూడండి. నాజిల్ చుట్టూ తారులాంటి నల్లటి గట్టి మసి పేరుకుని, ఇంజన్ నడుస్తుంటే చుఫ్ చుఫ్‌మని వినపడి, బానెట్ తీయగానే పొగ వాసన వస్తే వాషర్ లీకే కొడుతోంది. నాజిల్‌లో లోపం లేకపోవచ్చు.

నాజిల్ అని తేలితే దాన్ని పంపు షాపులో టెస్టర్ మీద పెట్టించి మీ కళ్లతో చూడండి. మూడు విషయాలు అడగండి. ఎన్ని బార్ల దగ్గర తెరుచుకుంది? మెల్లగా కొడితే చిమ్మేటప్పుడు గరగరమని సన్నగా వణుకుతూ పొగమంచులా పడుతోందా, లేక ధారగానా? తెరుచుకునే ప్రెషర్‌కు కొంచెం తక్కువలో 10 సెకన్లు పట్టి ఉంచితే ముక్కు పొడిగా ఉందా, చుక్క కడుతోందా? చుక్క కడితే ఆ చుక్కే మీ టకటక, ఆ చుక్కే పొద్దుటి తెల్లపొగ. టెస్టర్ కింద చెయ్యి పెట్టొద్దని షాపులో వాళ్లు చెప్పకపోయినా మీరు పెట్టకండి. ఒకటి పాడైనప్పుడు నాలుగూ టెస్టర్ మీద చూపించడం మంచిది. నాలుగింటి ప్రెషర్ దగ్గర దగ్గరగా లేకపోతే మూడు బాగుండి ఒకటి కొత్తగా ఉన్నా ఐడ్లింగ్ కుంటుతుంది.

నాజిల్ మార్చినా శబ్దం మూడులోనే ఉంటే పంపు దగ్గర ఆ పైపుకు ఉన్న డెలివరీ వాల్వు, డీజిల్ లైనులో గాలి, కంప్రెషన్ చూడాలి. గాలి ఉందో లేదో తెలుసుకోవడానికి తేలిక మార్గం, పంపులోకి వచ్చే తక్కువ ప్రెషర్ రబ్బరు పైపు మధ్యలో కొద్దిపాటి పారదర్శక పైపు తాత్కాలికంగా వేసి చూడటం. బుడగలు వరసగా వస్తుంటే ఫిల్టర్ వాషరో, పగిలిన పైపో గాలి పీలుస్తోంది. కానీ గాలి సాధారణంగా ఒక్క సిలిండర్‌నే పట్టుకోదు, శబ్దం అటూ ఇటూ తిరుగుతుంది. మీది నిలకడగా ఒకచోటే ఉందంటున్నారు, కాబట్టి దీనిమీద ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు.

కంప్రెషన్ డీజిల్ గేజితో, హీటర్ ప్లగ్ రంధ్రంలోంచి చూడొచ్చు. పంపులో డీజిల్ ఆపే స్టాప్ సోలినాయిడ్ వైరు తీసి, బ్యాటరీ పూర్తి ఛార్జితో ఉండగా చూడాలి. అంకె ఎంతుందన్న దానికంటే నాలుగింటి మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం. ఇలాంటి పాత ఇంజన్లు బాగున్నప్పుడు 25 నుంచి 30 బార్ల చుట్టూ చూపిస్తాయి. ఒకటి మిగతావాటికంటే 5 బార్లు తగ్గితే ఆ సిలిండర్‌లో వాల్వో రింగులో చూడాల్సిందే. పెట్రోల్ ఇంజన్‌లో చేసినట్టు సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ చూసే పద్ధతి ఇక్కడ వద్దు. డీజిల్ పిస్టన్ పైన మిగిలే చోటే చాలా కొంచెం. అందులో ఆయిల్ నిలిస్తే అంకె దొంగగా పెరుగుతుంది, ఎక్కువైతే రాడ్ వంగుతుంది.

ఇక మీ మెకానిక్ చెప్పిన బేరింగ్ సంగతి. ఆయిల్ ల్యాంప్ వెలగలేదన్నది మంచిదే, కానీ అది ధైర్యానికి సరిపోదు. చాలా ల్యాంపు స్విచ్‌లు ప్రెషర్ అర బార్ కంటే తక్కువకు పడితేనే వెలుగుతాయి. అప్పటికి బేరింగ్ పని అయిపోయి ఉంటుంది. ఆ స్విచ్ విప్పి అదే రంధ్రంలో మెకానికల్ గేజి పెట్టి, ఇంజన్ పూర్తిగా కాగాక చూడండి. ఐడ్లింగ్‌లో 1 బార్ పైన, నిమిషానికి 3,000 చుట్ల దగ్గర 3 బార్ల చుట్టూ ఉంటే మీ బండి వయసుకు సంతోషించొచ్చు. సరైన హద్దు మాన్యువల్‌లో ఉంటుంది. నాజిల్ కారుతూ ఉంటే కాలని డీజిల్ గోడల వెంట ఛాంబర్‌లోకి దిగుతుంది కాబట్టి డిప్ స్టిక్ కూడా చూడండి. ఆయిల్ లెవెల్ తగ్గకపోగా పెరిగితే, వాసన చూస్తే డీజిల్ కొడితే, ఆయిల్ పల్చబడిందన్నమాట. నాజిల్ బాగుచేసే రోజే ఆయిల్, ఫిల్టరూ మార్చెయ్యండి. నల్లగా ఉందని మాత్రం కంగారు పడకండి, డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొద్దిరోజులకే నల్లబడుతుంది.

పాత ఆయిల్ ఫిల్టర్‌ను పారేయకండి. ఫిల్టర్ కట్టర్‌తో డబ్బా కోసి (హ్యాక్‌సా వద్దు, దాని పొడే లోపల పడుతుంది), మడతల కాగితం చుట్టూ కోసి తీసి, ఆయిల్ పిండేసి తెల్ల కాగితం మీద పరిచి ఎండలో చూడండి. వెండి తళుకు కొద్దిగా కనపడటం పాత ఇంజన్‌కు మామూలే. గోరుతో తీయగలిగినంత రేకులు, ముఖ్యంగా రాగి రంగువి కనపడితే బేరింగ్ పై పొర పోయి లోపలి పొర అరుగుతోంది. అయస్కాంతం ఆనించండి, అంటుకునేది ఇనుము. బేరింగ్ లోహం అంటుకోదు. ఇంజన్ దించాలా వద్దా అన్న వాదనకు ఈ కాగితం ముక్క చెప్పే జవాబు నోటి మాట కంటే గట్టిది.

బేరింగే అని తేలినా ఇంజన్ దించడం ఒక్కటే దారి కాదు. ఛాంబర్ విప్పి, మూడో రాడ్ క్యాప్ తీసి చూడొచ్చు. మీ బండిలో ముందు యాక్సిల్ ఛాంబర్ కింద అడ్డుండొచ్చు. ఛాసిస్ పైకెత్తి యాక్సిల్ కిందకు వేలాడేలా చేస్తే చాలా వాటిలో చోటు దొరుకుతుంది. అయితే కొత్త షెల్స్ (బేరింగ్ రేకులు) వేసే ముందు క్రాంకు జర్నల్‌ను (రాడ్ బేరింగ్ కూర్చునే గుండ్రటి భాగం) మైక్రోమీటర్‌తో నాలుగు దిక్కులా కొలవాలి. అది కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే కొత్త షెల్స్ వారాల్లో పోతాయి, అప్పుడు దించక తప్పదు.

టాపెట్లు సెట్ చేయించానన్నారు. ఎంత సందు పెట్టారో, చల్లగా ఉండగానా వేడిమీదా చేశారో అడిగారా? టాపెట్ శబ్దం సన్నగా, గడియారంలా ఉంటుంది, డీజిల్ ఆపినా ఆగదు. సందు ఎక్కువైతే శబ్దం చేస్తుంది, అంతే. సందు తక్కువైతే నిశ్శబ్దంగా వాల్వును కాల్చేస్తుంది. శబ్దం తగ్గించమంటే కొందరు సందు బిగించేస్తారు. కాబట్టి ఫీలర్ గేజితో ఒకసారి మీరే సరిచూసుకోండి.

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ఇంజన్ మీద నింద పడే బయటి శబ్దాలు కొన్ని ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు టక్‌టక్‌మని, వేడెక్కాక పోతే సైలెన్సర్ మానిఫోల్డ్ గాస్కెట్ చూడండి. కారే చోట మసి గీత ఉంటుంది, లోహం వ్యాకోచించగానే సందు మూసుకుంటుంది. ఇంజన్ మౌంట్ రబ్బరు చీలితే మామూలు డీజిల్ శబ్దమే ఛాసిస్ ఎక్కి రెండింతలు అవుతుంది. బ్రేక్ బూస్టర్ నుంచి గాలి లాగే వాక్యూమ్ పంపు కొన్ని ఇంజన్లలో ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది, దానికి ఆయిల్ అందకపోతే కొట్టుకుంటుంది. బెల్టు తీసి అర నిమిషం నడిపితే తేలిపోతుంది. అంతకు మించి నడపకండి, వాటర్ పంపు కూడా ఆగి ఉంటుంది. ఆ సమయంలో బ్రేక్ బూస్టర్ పనిచేయదు కాబట్టి బండి కదపొద్దు. గేర్ బాక్సు వైపు అనుమానమైతే అడ్డుకట్టలు వేసి, ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్ న్యూట్రల్‌లో పెట్టి, గేరు వేసి క్లచ్ వదలండి. బండి కదలదు కానీ గేర్ బాక్సు తిరుగుతుంది. శబ్దం అప్పుడే వస్తే ఇంజన్ జోలికి వెళ్లక్కర్లేదు. క్లచ్ నొక్కితే వచ్చేది రిలీజ్ బేరింగ్, న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే వచ్చేది గేర్ బాక్సు ఇన్‌పుట్ బేరింగ్.

పరీక్షలు పూర్తయ్యేదాకా గేజితో ఆయిల్ ప్రెషర్ బాగుందని చూసుకుని, బరువు వేయకుండా, ఎత్తులు ఎక్కించకుండా నడుపుకోవచ్చు. ఈ మధ్యలో శబ్దం పదును పోయి లోతైన గుద్దులా మారినా, వేడెక్కేకొద్దీ పెరగడం మొదలుపెట్టినా, ప్రెషర్ పడినా అక్కడే ఇంజన్ ఆపి బండిని లాగించుకు వెళ్లండి. నాజిల్ ధారగా కారుతూ ఉంటే పిస్టన్ పైభాగాన్ని ఒకేచోట కాలుస్తుంది, కాబట్టి నెలల తరబడి వాయిదా వేయొద్దు. నాజిళ్లు మార్చిన తర్వాత 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బానెట్ తీసి, పైపు నట్ల దగ్గరా, నాజిళ్ల మధ్య ఉండే సన్నటి రిటర్న్ పైపుల దగ్గరా తడి ఉందేమో చూడండి. గుడ్డ అల్లిక ఉండే పాత రిటర్న్ పైపులు కదిలిస్తే చిట్లిపోతాయి, నాజిల్ తీసిన రోజే వాటినీ కొత్తవి వేయించుకోండి.